లేని బిందెకు నీళ్ళు

మొన్న మా వీధి వీధంతా ఉగ్గాని టిఫిను తినింది. పండగ కాదు, పెండ్లి కాదు, ఎవరి మొక్కుబడీ కాదు. అంతా నా చేతి చలవ! ఎట్లంటారా? చెప్తాను, టీ తాగుతూ వినండి.

అయితే ముందే ఒక మాట. ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అనే దాంట్లో నేను ఈ మధ్య తడబడుతున్నాను. మా వీధి రంగమ్మ అలగడం ముందా, ట్యాంకర్ రావడం ముందా అని గట్టిగా అడిగితే ఒట్టేసి చెప్పలేను. జరిగిన గొడవ కూడా ఏది ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి అనే దాని మీదే వచ్చింది. కాబట్టి నేను తారుమారు చేసినా కథకు పెద్ద నష్టం లేదు. బత్తలపల్లెలో ఉన్న మా చెల్లెలు సరోజ ఎట్లాగూ చదివి సరిచేస్తుంది. నేనేం రాసినా ముందు ఆమె చదవాల్సిందే.

మా ఊరు గార్లదిన్నె దగ్గర. ఎండాకాలం వస్తే బోర్లు రెండు గుక్కలు నీళ్ళు కక్కి, గాలి వదిలి ఊరుకుంటాయి. అప్పుడు ట్యాంకర్ వస్తుంది. దానికన్నా ముందు వీధిలో బిందెల వరస వస్తుంది. మా ఊర్లో వరసలో మనుషులు నిలబడరు. బిందె పెట్టి ఇంటి పనులకు పోతారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఆ వేళకు బిందె ఖాళీ లేదనుకోండి, ఒక రాయి పెట్టి పోతారు. రాయి ఉన్నా మనిషి ఉన్నట్టే. కాకపోతే ట్యాంకర్ వచ్చేలోపల రాయి తీసి బిందె పెట్టాలి. పెట్టకపోతే ఆ వంతు పోయినట్టే. ఈ కట్టుబాటు ఎవరు పెట్టినారో తెలియదు, ఎవరూ తప్పరు.

ట్యాంకర్ వెనక లావుపాటి పైపు ఉంటుంది. ఆ పైపు పట్టుకుని వరస వెంట నడుస్తూ బిందెలు నింపే పని మా వీధిలో నాది. ట్యాంకర్లు రావడం మొదలైనప్పటి నుంచీ నాదే. నాకు చూపు కన్నా చెవి గట్టి. నీళ్ళు బిందె అడుగున పడేటప్పుడు గొంతు బొంగురుగా ఉంటుంది. నిండేకొద్దీ సన్నబడుతుంది. అంచుకు వచ్చే ముందు ఈల వేసినట్టు ఉంటుంది. ఆ ఈల వినగానే పైపు ఎత్తి పక్క బిందెలో పెడతాను. చుక్క నేల పడదు. నీళ్ళ దగ్గర ఈ జాగ్రత్త మా అమ్మ నుంచి వచ్చింది. మా పుట్టినూరు పెన్న ఒడ్డున. పేరుకు నది, ఎండాకాలం వస్తే ఎటు చూసినా ఇసుకే. ఆ సంగతి తర్వాత చెప్తాను, గుర్తుంటే.

ఇంటి దగ్గర నేను ఏ పని చేసినా ఇప్పుడు వెనకాల ఎవరో ఒకరు చూస్తుంటారు. స్టవ్ కట్టేసిందా, తలుపు వేసిందా అని. తప్పు వాళ్ళది కాదు. ఒకసారి పప్పులో రెండుసార్లు చింతపండు పిండినాను. ఇంకోసారి కళ్ళద్దాలు పెట్టుకుని కళ్ళద్దాల కోసం ఇల్లంతా వెతికినాను. అది వయసులో అందరూ చేసే పనే అంటారు. అంటారు గానీ, ఒక్కదాన్నే ఉన్నప్పుడు భయం వేస్తుంది. పైపు ఒక్కటే మిగిలింది, ఎవరూ వెనక నిలబడి చూడని పని. అందుకే అది పోకూడదు. పైపు పోతే ఇంక నేను కూర్చోబెట్టి అన్నం పెట్టే ముసలిదాన్నే.

అట్లాంటిది, ఉగ్గానికి ముందురోజు ఒక రాయికి నీళ్ళు పోసినాను.

ఎవరో రాయి పెట్టి, బిందె తేవడం మరిచినారు. నేను చూసుకోకుండా పైపు పెట్టి చెవి ఒగ్గి వింటూ నిలబడినాను. ఎంతసేపటికీ ఈల రాదే! కింద చూస్తే నా కాళ్ళు తడిసి బురద. ఈశ్వరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏమక్కా, రాయికి నీళ్ళు పోస్తాండావు? మొలకెత్తుతాదా ఏమి?"

ఈశ్వరమ్మ మా ఎదురింటామె. నా కంటే బాగా చిన్నది, చేతిలో చురుకు, నోట్లో అంతకన్నా చురుకు. ఆ పొద్దు వరసలో గుసగుసలు విన్నాను. నాకు చెవి గట్టి అని చెప్పినాను కదా. "రాజక్కకు వయసైపోయింది. పైపు ఈశ్వరమ్మకు ఇస్తే పోదా?" అని ఎవరో. "ఇంకొకసారి చూద్దాం" అని ఇంకెవరో. ఇంకొకసారి!

ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నా పక్కన మా మనవరాలు హారిక ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తల పట్టుకుని ఉంది. అనంతపురంలో కంప్యూటర్ చదువు చదువుతోంది, సెలవులకు వచ్చింది. ఇద్దరం తలలు పట్టుకుని కాసేపు కూర్చున్నాం.

"నీకేమైంది పాపా?" అన్నాను.

"లూప్ వరస దాటి పోతాంది అవ్వా. ప్రోగ్రామ్ క్రాష్ అయితాంది."

నాకు ఐదో తరగతితోనే బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా సొంతంగా చదువుకున్నదే. బొరుగులు, అదే మరమరాలు, కట్టిచ్చిన కాగితం కూడా విప్పి చదివేదాన్ని. కొత్త సంగతి నేర్చుకుంటే మతిమరుపు దగ్గరికి రాదని ఎక్కడో చదివినప్పటి నుంచి హారిక పాఠాలు కూడా వదలడం లేదు. అందుకే అడిగినాను, "ఏ వరస? దాటేది ఏంటిది?"

"అర్రే అంటారవ్వా. నీ డబ్బాల మాదిరి వరసగా పెట్టుకునేది."

నా చెయ్యి పట్టి వంటింట్లోకి పిల్చుకపోయింది. గూట్లో పప్పు, చక్కెర, రవ్వ డబ్బాలు వరసగా ఉన్నాయి.

"మొదటి డబ్బా నంబరు ఎంత?"

"ఒకటి."

"కాదు. సున్నా."

"సున్నా అంటే ఏమీ లేనట్టు కదా? దాంట్లో కందిపప్పు ఉండాదే!"

"కంప్యూటర్ లెక్క అట్లనే అవ్వా. సున్నా నుంచి మొదలు. ఏడు డబ్బాలు ఉంటే చివరిది ఆరు. ఇప్పుడు ఏడో నంబరు డబ్బాలో చెయ్యి పెట్టమంటే?"

"లేదు కదా, యాడ పెట్టేది?"

"లేదని మనకు తెలుసు. నేను రాసే సి భాష చూసుకోదు. చివరి డబ్బా పక్కన ఏముంటే దాంట్లో పెట్టేస్తాది."

చివరి డబ్బా పక్కన ఏముందా అని చూసినాను. మా కోడలు పెట్టిన బట్టల సోడా.

"మరి అది సోడా అని చెప్పదా నీ సి?"

"చెప్పదు. కొన్ని భాషలు వెంటనే అరుస్తాయి, వరస దాటినావు అని. సి నోరు మెదపదు."

"మీ తాత మాదిరి," అన్నాను. మా ఆయన కూరలో ఉప్పు లేకపోయినా ఏమీ అనేవాడు కాదు. తిని, మూతి తుడుచుకుని పోయేవాడు. సాయంత్రానికి పక్కింటివాళ్ళు వచ్చి నాకు చెప్పేవాళ్ళు, మీ కూరలో ఉప్పు లేదంట కదా అని. ఆయన పోయి ఎన్నో ఏండ్లయింది. ఇప్పుడు కూరలో ఉప్పు లేకపోతే ఇంట్లో అందరూ వెంటనే చెప్పేస్తున్నారు. ఆ మౌనమే నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

"దీనికి మందేమి?" అన్నాను.

"రెండు ప్రశ్నలు అడగాల. మధ్యలో 'అండ్' పెట్టి. వరస లోపల ఉండామా? అండ్, డబ్బా ఖాళీగా ఉండాదా? మొదటిదానికి 'లేదు' అని వస్తే కంప్యూటర్ రెండోది అడగనే అడగదు. ఇంక చెయ్యి పెట్టే పనే లేదు. దీన్ని షార్ట్ సర్క్యూట్ అంటారు."

"అమ్మో! మీటరు పెట్టెలో పొగ వచ్చిందే, అదా?"

"అది కాదవ్వా! జవాబు సగంలోనే తెలిసిపోతే, మిగతాది అడగకుండా ఆడికే ఆపేది."

"బాగుండాది. మరి నీ తప్పు యాడ?"

హారిక మూతి ముడిచింది. "రెండు ప్రశ్నలూ రాసినా. తిరగేసి రాసినా. ముందు డబ్బాలో చెయ్యి పెట్టి, ఆ తర్వాత వరసలో ఉండామా అని అడుగుతాండా."

నాకు ఎంత నవ్వొచ్చిందో! "చెయ్యి పెట్టేసినాక అడిగితే ఏం లాభమే, పిచ్చిదానా!" అని పడీ పడీ నవ్వినాను. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

అప్పుడే నాకు ఉపాయం తోచింది. బిందెల వరస కూడా అర్రేనే కదా! నంబర్లు వేసుకుని, రెండు ప్రశ్నలు అడుక్కుంటూ పోతే మతిమరుపుతో పనేముంది? వరసలో బిందె ఉండాదా? ఉంటే, నిండిందా? ఇంక రాళ్ళకు నీళ్ళు పోసే బాధ ఉండదు. ఆ సాయంత్రమంతా అది జపం చేసినాను. అన్నం తింటూ కూడా. "ఉండాదా, నిండిందా. ఉండాదా, నిండిందా." మా కొడుకు అన్నం చట్టి మూత తీసి నాకు చూపించి, "ఉండాదిమ్మా, నిండుగా ఉండాది, తిను," అన్నాడు పాపం.

మరుసటి పొద్దున వరస పక్కన ముగ్గుపిండితో ప్రతి బిందె ముందరా నంబరు వేసినాను. హారిక చెప్పినట్టే సున్నాతో మొదలు. అక్కడే మొదటి గొడవ. ముందు బిందె రంగమ్మది. మేకలు మేపే మనిషి, కోడి కూయకముందే వచ్చి బిందె పెట్టింది. తన బిందె ముందర సున్నా చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమక్కా, అందరికన్నా ముందు వస్తే నాకు సున్నా వేస్తావా?"

"సున్నా అంటే మొదటిది రంగమ్మా. కంప్యూటర్ లెక్క."

"నా చిన్నప్పుడు అయ్యవారు కూడా ఇట్లనే పలక మీద సున్నా వేసినాడు. ఇంక బడికి పోలా. ఇప్పుడు నీళ్ళకు కూడా రావద్దంటావా?"

ఆమెను సముదాయించేకి, సున్నాకు చుట్టూ నాలుగు రేకులు గీసి పువ్వు చేసినాను. అప్పుడు శాంతించింది. చివరి బిందె ముందర పద్నాలుగు పడింది. మొత్తం పదహైదు బిందెలు. ఈ పదహైదు అనే మాట నా మెదడులో అట్లనే అంటుకుంది. పదహైదు దాకా పోయాలి, పదహైదు దాకా పోయాలి అని. చివరి నంబరు పద్నాలుగు అని కళ్ళ ముందరే ఉంది. కానీ లోపల పదహైదు.

ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ ఓబులేసుకు ఎప్పుడూ తొందరే. హారన్ మోగించి, "పెద్దమ్మా, బిర్నా కానీ! ఇంకా రెండూర్లు పోవల్ల!" అని వాల్వ్ తిప్పేసినాడు. పైపు నా చేతిలో పాము మాదిరి ఎగిరింది. నీళ్ళు కళ్ళద్దాల మీద పడినాయి. తుడుచుకునేకి చెయ్యి ఖాళీ లేదు. ఆ కంగారులో నా జపం తారుమారైంది. "నిండిందా, ఉండాదా. నిండిందా, ఉండాదా."

ఇక్కడొక విచిత్రం చూడండి. తిరగబడినా ఏమీ కాలేదు! పువ్వు సున్నా నిండింది, ఒకటి నిండింది, రెండు నిండింది. అన్ని బిందెలూ వరసలోనే ఉన్నాయి కాబట్టి ఏది ముందడిగినా ఒకటే. ఒక్క చుక్క నేల పడలేదు. ఈశ్వరమ్మ తప్పు దొరుకుతుందా అని నా వెనకాలే నడుస్తోంది. దొరకడం లేదు. నాకు లోపల పొంగిపోతోంది. చూస్తాండావా ఈశ్వరమ్మా, అని మనసులో అనుకుంటూ పద్నాలుగు కూడా నింపినాను. ఈల వచ్చింది. పైపు ఎత్తినాను. ఎత్తి, పదహైదు అనుకుని, పక్కన పెట్టినాను.

ఇప్పుడు మొదటి ప్రశ్న: నిండిందా?

మామూలు మనిషయితే వంగి చూస్తుంది. నాకు తడిసిన అద్దాల్లో ఏం కనపడుతుంది? తెల్లగా, గుండ్రంగా, పెద్ద అంచు. నేను చెవితో చూసేదాన్ని. నిండిందా లేదా తెలియాలంటే పైపు పెట్టి వినాల్సిందే. పెట్టినాను. విన్నాను.

నాకు తెలిసిన శబ్దం లేదు.

బొంగురు గొంతు లేదు, ఈల లేదు. "సుయ్య్" అని ఒక చిన్న మూలుగు. నా జన్మలో ఏ బిందే అట్లా మూలగలేదు. ఇదెవరి ఇంటి బిందెప్పా, నోరు తెరవదే, అనుకుని ఇంకొంచెం వంగి చెవి పెట్టినాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. కాసేపటికి నా చేతి మీదకు మెత్తగా, తేలిగ్గా ఏదో ఎక్కింది. మోచెయ్యి దాకా పాకింది. నురగ అనుకున్నాను.

అప్పుడు రెండో ప్రశ్న అడిగినాను: ఇది వరసలో ఉండాదా?

కింద చూసినాను. ముగ్గుపిండి లేదు. నంబరు లేదు.

"అక్కో! నా బొరుగులూ!"

ఈశ్వరమ్మ కేకకు ఓబులేసు వాల్వ్ కట్టేసి దూకినాడు. నా వెనకాల నడిచే హడావుడిలో ఆమె అంగడి నుంచి తెచ్చిన బొరుగుల గంగాళం దించి, వరస చివర, పద్నాలుగో బిందెకు ఆనించి పెట్టింది. ధర్మవరంలో ఉన్న కూతురు నీళ్ళోసుకుంది. బొరుగుల ఉండలు తినాలని ఉందని అడిగిందంట. ఈశ్వరమ్మ బెల్లం కూడా తెచ్చి పెట్టుకుంది. ఆ గంగాళంలో ఇప్పుడు బొరుగులు తెల్లటి మేఘం మాదిరి ఉబ్బి, అంచు దాటి, నా చెయ్యి ఎక్కి, వీధిలోకి దిగుతున్నాయి.

అంతమందిలో ఒక్క హారిక గొంతు మాత్రం వినపడింది. "అవ్వా... అర్రే దాటిపోయినావు."

"చెయ్యి పెట్టేసినాక చెప్తే ఏం లాభం పాపా," అన్నాను.

ఈశ్వరమ్మ కళ్ళల్లో నీళ్ళు. "నా బిడ్డ మొట్టమొదటిసారి నోరు తెరిచి అడిగింది అక్కా," అంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె తిట్టలేదు. నా చేతిలో పైపు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. పైపు తెచ్చి ఆమె ముందర పెట్టినాను. "ఇంక నువ్వే పట్టు ఈశ్వరమ్మా." వీధంతా ఆ పైపు దిక్కే చూసింది. ఆమె దాన్ని తీసుకోలేదు, వద్దనలేదు. గంగాళం దిక్కు చూస్తూ నిలబడింది.

ముందుకొచ్చింది రంగమ్మే. "ఏమప్పా, అట్లనే చూస్తే బొరుగులు గంజి అయితాయి. పిండండి బిర్నా! నానిన బొరుగులకు ఉగ్గాని తప్ప ఇంకేం గతి ఉండాది?"

ఆ మాటతో వీధి కదిలింది. నలుగురు ఆడవాళ్ళు గంగాళం చుట్టూ చేరి బొరుగులు పిండినారు. పిండిన నీళ్ళు కూడా పారబోయలేదు, రంగమ్మ మేకలకు పట్టుకుపోయింది. ఒకరి ఇంటి నుంచి ఉల్లిగడ్డలు వచ్చినాయి. ఒకరి ఇంటి నుంచి పచ్చిమిరపకాయలు, ఇంకొకరి నుంచి పప్పుల పొడి, నిమ్మకాయలు. ఈశ్వరమ్మ ఇంటి ముందరి కట్టెల పొయ్యి మీద పెద్ద బాండలి ఎక్కింది. తప్పు నాది కాబట్టి గరిట నేనే పట్టినాను. తిరగమోత చిటపటలాడినాక పసుపు వేసి, బొరుగులు కుమ్మరించి కలిపినాను. వీధి మలుపు దాకా వాసన. రెండూర్లు పోవాల్సిన ఓబులేసు, "వాసన వచ్చినాక ఎట్ల పోయేది పెద్దమ్మా?" అని ట్యాంకర్ నీడలో చతికిలపడినాడు. మిరపకాయ బజ్జీలు కూడా ఎవరో వేసినారు. ఎవరో గుర్తు లేదు. బజ్జీలు మాత్రం గుర్తున్నాయి.

తొలి ముద్ద నోట్లో పెట్టుకున్న రంగమ్మ ముఖం మారింది. రెండో ముద్దకు ఓబులేసు నీళ్ళ కోసం చెయ్యి చాపినాడు.

"ఉప్పు..." అంది ఈశ్వరమ్మ.

"నేను వేసినానే!" అన్నాను. నిజంగా వేసినాను. ఈసారి మరవకూడదని గట్టిగా గుర్తుపెట్టుకుని వేసినాను.

ఈశ్వరమ్మ తల గోక్కుంది. "నువ్వు మరిచింటావని నేనూ వేసినా."

"నేను కూడా," అంది రంగమ్మ.

ఓబులేసు తల వంచుకున్నాడు. "నేనూ ఒక పిడికెడు. పెద్దమ్మకు గుర్తుండదు అనుకున్నా."

హారిక పగలబడి నవ్వింది. "ఇది అండ్ కాదు, 'ఆర్'! నువ్వు వేసినావా, ఆర్ నువ్వు వేసినావా అని అడుక్కుంటూ పోవల్ల. ఒక్కరు వేసినారని తెలిస్తే చాలు, ఆడికే ఆపాల. మీరు ఎవరూ అడగకుండా అందరూ వేసేసినారు!"

చెప్పొద్దూ, నాకు ఎంత సంతోషమైందో! ఈసారి తప్పు చేయనిది ఆ వీధిలో నేను ఒక్కదాన్నే. మిగిలినవాళ్ళందరూ నేను మరుస్తానని మరీ గుర్తుపెట్టుకుని వంట చెడగొట్టినారు. నిమ్మకాయలు పిండి, ఇంకొన్ని పొడి బొరుగులు కలిపి ఎట్లనో సరిచేసినాం. అయినా నింపిన బిందెల్లో సగం నీళ్ళు ఆ ఉగ్గాని దాహానికే అయిపోయినాయి. ఓబులేసు ఇంకొక విడత వాల్వ్ తిప్పాల్సి వచ్చింది.

ఆ సందడిలోనే ఈశ్వరమ్మ కూతురు ఫోన్ చేసింది. ఈశ్వరమ్మ ఏడుపు గొంతుతో జరిగిందంతా చెప్తే, ఆ పిల్ల ఇంకా పెద్దగా ఏడ్చింది. "నేను లేకుండా ఉగ్గాని తిన్నారా? నాకు ఉండలు వద్దు, ఉగ్గానే కావల్ల!" ఈశ్వరమ్మ ఫోన్ పట్టుకుని నన్ను చూసింది. నేను ఆమెను చూసినాను. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

వీధంతా రెండోసారి బిందెలు పెట్టింది. పైపు నేల మీద ఉంది. నేను ముట్టుకోలేదు. ఈశ్వరమ్మ వంగి తీసుకుంది. అయిపోయింది అనుకున్నాను. ఆమె పైపును అటూ ఇటూ తిప్పి చూసి, తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు ఈల వినే చెవి యాడుండాది అక్కా? నేను పడితే బిందెలన్నీ పొంగి, వీధి వరిమడి అయితాది. నువ్వే పట్టు. నేను ముందర నడుస్తా. బిందె ఉండాదని నేను చెప్తేనే నువ్వు నీళ్ళు పొయ్. నేను పలకకుంటే నువ్వు కదలొద్దు."

అంటే మొదటి ప్రశ్న ఈశ్వరమ్మ. రెండో ప్రశ్న నేను. ఆమె లేదంటే నన్ను ఎవరూ అడగనే అడగరు. మనిషికి ఇంతకన్నా పెద్ద బిరుదు ఉంటుందా చెప్పండి!

ఆమె నా ముందర నడుస్తూ, ప్రతి బిందె దగ్గరా ఆగి, గట్టిగా అరిచింది. "ఉండాది!" నేను పోసినాను. "ఉండాది!" పోసినాను. "రాయి!" దాటినాను. మూడో కేకకో నాలుగో కేకకో నా చెయ్యి ఆగిపోయింది. ఆ పిలుపు నేను ఇంతకుముందు విన్నాను. చానా ముందు.

పెన్నలో ఎండాకాలం మా అమ్మ చెలమ తవ్వేది. ఇసుకలో మోకాటి లోతు గుంత. నీళ్ళు ఊరి ఊరి వచ్చేవి, తొందరపెడితే బురదయ్యేవి. తెల్లవారక ముందే ఆడవాళ్ళు కడవలతో చుట్టూ కూర్చునేవాళ్ళు. మసక చీకటిలో ముఖాలు కనపడేవి కావు. అమ్మ కొబ్బరి చిప్పతో తోడి, చిప్ప ఎత్తిపట్టి, పిలిచేది. "తిమ్మక్కా, ఉండావా?" "ఉండా!" అని చీకట్లోంచి గొంతు వస్తేనే చిప్ప ఆ దిక్కు వంగేది. గొంతు రాకపోతే, ఆ కడవ నిండిందా లేదా అని చూసేది కాదు. చిప్ప వెనక్కి వచ్చేది, ఇంకొక పేరు పిలిచేది. నేనూ సరోజా చిన్నపిల్లలం, ఆమె వెనకాల ఇసుకలో పడుకుని రానివాళ్ళ బదులు "ఉండా!" అని గొంతు మార్చి పలికేవాళ్ళం. అమ్మకు తెలిసిపోయేది. చిప్పలో నీళ్ళు మా మీద చిలకరించేది. ఆ చల్లదనం ఇప్పటికీ వీపు మీద ఉంది.

నా రెండు ప్రశ్నలూ మా అమ్మ నోట్లో సరైన వరసలోనే ఉన్నాయి, చూడండి. నేనే మరిచినాను. గుర్తుకు రావడానికి ఒక గంగాళం బొరుగులు పట్టింది.

"ఏమక్కా, ఆగినావు?" అని ఈశ్వరమ్మ వెనక్కి తిరిగింది. "ఉండాదని చెప్పినా కదా!"

"ఉండాదా? సరే," అని పోసినాను.

అది సంగతి. పైపు ఇంకా నాదే, సగం.

సరోజా, ఇంక నీ వంతు. ఈ కాగితాల్లో పేర్లన్నీ ఒకసారి సరిచూడు. చెలమ దగ్గర మొదట పలికేది తిమ్మక్కా, హనుమక్కా? నీళ్ళు చాలక ఎప్పుడూ గొణిగే ఆమె ఎర్రమ్మ కదా? లేక ఎర్రమ్మ వేరే ఊరామెనా? నేను లేని పేరు ఒకటి కల్పించి పెట్టింటే కూడా ఆశ్చర్యం లేదు. చూసేటప్పుడు మాత్రం వరస తప్పబాక. ముందు ఆ మనిషి అక్కడ ఉన్నిందా అని చూడు. ఉన్నింటేనే పేరు సరిగా ఉందా అని చూడు. లేదంటే అక్కడే ఆపేయ్, ఇంక చెయ్యి పెట్టొద్దు, బొరుగులు తడుస్తాయి. నేను ఉండానా లేదా అని మాత్రం వెతకబాక. చీకట్లో అమ్మ మాదిరి పిలిచి చూడు చాలు. ఉండా.